రాడారు తెర మీద ఓడల లెక్క

గౌలిపుర సందులలో నడిచే అలవాటున్నవారికి ఈ అనుభవం తప్పకుండా కలిగి ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి వస్తూ ఉంటాడు. సందు ఇరుకు. అతనికి దారి ఇద్దామని మనం ఎడమకు జరుగుతాము. సరిగా అదే క్షణాన అతను కూడా మర్యాద కొద్దీ తన కుడికి జరుగుతాడు. మళ్ళీ ఎదురెదురు. ఇద్దరమూ నవ్వుకొని రెండవ వైపుకు జరుగుతాము. మళ్ళీ అంతే. మూడవసారికి ఎవరో ఒకరు ఆగిపోతారు, రెండవవారు తప్పుకొని పోతారు. మనిషి ఒక్క అడుగులో ఆగగలడు కాబట్టి ఈ తమాషాలో ఎవరికీ దెబ్బ తగలదు.

ఓడల సంగతి అట్లా కాదు. సరుకుతో నిండిన పెద్ద ఓడ, యంత్రాలను వెనుకకు త్రిప్పినా కూడా, మూడు నాలుగు కిలోమీటర్లు ముందుకు సాగిపోయి గాని ఆగదు. దానికి బ్రేకులు లేవు. దాని క్రింద నేల లేదు. రెండు ఓడలు పైన చెప్పిన సందులోని మనుషుల వలె ఒకరు ఎడమకు, ఒకరు కుడికి జరిగితే ఏమవుతుందో 1956 జూలై 25వ తేదీ రాత్రి అమెరికా తూర్పు తీరాన నాన్‌టకెట్ ద్వీపం దగ్గర ప్రపంచం చూచింది. ఆ కథ ముందు చెబుతాను.

సముద్రానికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హైదరాబాదు పాతబస్తీలో కూర్చొని ఓడల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. దీనికి కారణం మా అన్నగారి అబ్బాయి. వాణిజ్య నౌకలలో ఉద్యోగానికి చేరిన ఈ కుర్రవాడు రాడారు పరిశీలకుల శిక్షణ ముగించుకొని సెలవులకు ఇంటికి వచ్చాడు. శిక్షణలో తనకు మొదటి మూడు రోజులలో నాలుగు సార్లు ఓడ మునిగిందని చెప్పి నవ్వాడు. మునిగినది నిజమైన ఓడ కాదు; సిమ్యులేటరు అనే బొమ్మ ఓడ. అయినా ఆ నాలుగింటిలో రెండు సార్లు తెర మీద అంతా సరిగానే కనిపించిందనీ, తాను కళ్ళారా చూస్తూ ఉండగానే ఢీ జరిగిందనీ అన్నాడు. కళ్ళారా చూస్తూ ఉండగా ఎట్లా జరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం మా మేడ మీద ముగ్గుపిండితో గీసి చూపించాడు. ఆ ముగ్గునే ఇక్కడ వివరిస్తాను.

ముందుగా రాడారు అంటే ఏమిటో ఒకటి రెండు మాటలు. రేడియో తరంగాలను చిన్న చిన్న తునకలుగా పంపి, ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకొనే యంత్రం ఇది. బావిలోకి తొంగిచూచి కేకవేస్తే తిరిగి వచ్చే చప్పుడును బట్టి బావి లోతు అంచనా వేసినట్లే. ఇక్కడ శబ్దానికి బదులు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే తరంగం ఉన్నది. ఒక మైక్రోసెకండులో, అనగా సెకనులో పదిలక్షల వంతులో, ఆ తరంగం 300 మీటర్లు పోతుంది. 10 మైళ్ళ దూరంలోని ఓడను తాకి తిరిగి రావడానికి దానికి పట్టే కాలం సుమారు 123 మైక్రోసెకండ్లు. సముద్రం మీది మైలు నేల మీది మైలు కంటె పెద్దది, 1852 మీటర్లు. గంటకు ఒక సముద్రపు మైలు చొప్పున పోయే వేగాన్ని ఒక నాట్ అంటారు. ఈ వ్యాసంలో మైలు అన్నచోటనల్లా సముద్రపు మైలే అనుకోవాలి.

ఓడ స్తంభం మీద ఏంటెనా రెండు మూడు సెకండ్లకొక చుట్టు చొప్పున తిరుగుతూ ఉంటుంది. ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో దానిని బట్టి దూరమూ, ఏంటెనా ఆ క్షణాన ఎటు తిరిగి ఉన్నదో దానిని బట్టి దిక్కూ తెలుస్తాయి. ఈ రెంటినీ కలిపి గుండ్రని తెర మీద ఒక చుక్కగా చూపుతారు. అంతే. ఆ చుక్కకు ఓడ పేరు తెలియదు, ముక్కు ఎటు ఉన్నదో తెలియదు, ఎంత వేగంతో పోతున్నదో తెలియదు.

రాడారును యుద్ధం కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1904లో క్రిస్టియన్ హ్యూల్స్‌మేయర్ అనే జర్మన్ ఇంజనీరు కొలోన్ నగరంలో రైన్ నది మీద పోయే పడవల నుంచి రేడియో తరంగాలను వెనుకకు రప్పించి చూపించాడు. అతని ఉద్దేశమే పొగమంచులో ఓడలు ఢీకొనకుండా చూడడం. పేటెంటు లభించింది గాని కొనేవారు దొరకలేదు. 1940లో ఇంగ్లండులో రాండాల్, బూట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తయారుచేసిన మాగ్నెట్రాన్ వలన సెంటీమీటర్ల పొడవు గల తరంగాలను గట్టిగా పంపడం సాధ్యమైంది. యుద్ధం ముగిసిన తరువాతనే ఆ యంత్రం వర్తక ఓడల మీదికి వచ్చింది. నేటికీ ఓడల రాడార్లు 3 సెంటీమీటర్లు లేక 10 సెంటీమీటర్ల తరంగాలతోనే పనిచేస్తున్నాయి.

ఇక ముగ్గు దగ్గరకు వస్తాము. మేడ మీద గడులు గీసి, ఒక గడి ఒక మైలు అనుకొన్నాము. చార్మినారు వైపు ఉత్తరం, కుడిచేతి వైపు తూర్పు. నడుమ ఒక గులకరాయి పెట్టాడు. అది మన ఓడ. ఉత్తరంగా 12 నాట్ల వేగంతో పోతున్నది. రాడారు తెర మీద మన ఓడ ఎప్పుడూ నడుమనే ఉంటుంది, కదలదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. తక్కిన చిక్కంతా ఇందులోనుంచే పుడుతుంది.

సరిగా 8 గంటలకు తూర్పుగా 8 గడులు, ఉత్తరంగా 6 గడుల దూరాన ఒక చుక్క కనబడింది. 8, 6 భుజాలైతే కర్ణం 10 కదా. అంటే మనకు 10 మైళ్ళ దూరంలో ఉన్నది. 6 నిమిషాలు ఆగి చూస్తే ఆ చుక్క తూర్పుగా 6.4 గడులు, ఉత్తరంగా 4.8 గడుల దగ్గరకు వచ్చింది. దూరం 8 మైళ్ళు. దిక్కు మాత్రం మారలేదు.

"చిన్నాయనా, ఈ ఓడ ఎటు పోతున్నది చెప్పు" అన్నాడు.

ఇందులో చెప్పడానికేమున్నది? చుక్క ఈశాన్యం నుంచి నైరుతికి, సూటిగా మన మీదికి వస్తున్నది. 6 నిమిషాలలో 2 మైళ్ళు, అంటే 20 నాట్లు. నేను అదే చెప్పాను. తప్పన్నాడు.

ఎందుకు తప్పో చూడండి. ఈ 6 నిమిషాలలో మన ఓడ ఊరికే నిలబడి లేదు. ఉత్తరంగా 1.2 మైళ్ళు పోయింది. తెర మాత్రం మనలను నడుమనే కట్టి ఉంచింది. కాబట్టి మనం ఉత్తరానికి పోయినదంతా ఎదుటి చుక్క దక్షిణానికి వచ్చినట్లు చూపుతుంది. స్టేషనులో మన రైలు కదిలితే ప్రక్క రైలు వెనుకకు పోతున్నట్లు కనిపించడం వంటిదే ఇది. ఇప్పుడు తీసివేత చేయాలి. చుక్క దక్షిణానికి 6 నుంచి 4.8కి, అనగా 1.2 గడులు జరిగింది. మన నడక కూడా 1.2. రెండూ సరిపోయినవి. అంటే ఆ ఓడ దక్షిణానికి ఒక్క అంగుళం కూడా రాలేదన్నమాట! మిగిలినది పడమటికి జరిగిన 1.6 గడులు. 6 నిమిషాలకు 1.6 మైళ్ళంటే గంటకు 16. ఆ ఓడ సూటిగా పడమటికి 16 నాట్లతో పోతున్నది. దాని ముక్కు మన వైపు లేనే లేదు. దాని మీద నిలబడిన అధికారి తన ముందున్న సముద్రం ఖాళీగా ఉన్నదనే అనుకుంటూ ఉండవచ్చు.

అయితే ముక్కు మన వైపు లేకపోయినా ఢీ మాత్రం ఖాయం. చుక్క మనలను సమీపించే వేగం 20 నాట్లు, మిగిలిన దూరం 8 మైళ్ళు, కాబట్టి ఇంకా 24 నిమిషాలు. ఇక్కడ రెండు సంగతులు వేరువేరుగా ఉన్నవి. ఢీకొంటామా లేదా అనేది తెర మీది చుక్క నడక చెబుతుంది. దీనికి తీసివేత అక్కరలేదు. దిక్కు మారకుండా దూరం తగ్గుతూ ఉంటే ప్రమాదమే. పూర్వం నావికులు రాడారు లేకుండానే దిక్సూచితో ఈ పరీక్ష చేసేవారు. సైకిలు మీద చౌరస్తా వైపు పోతూ, అడ్డదారిలో వచ్చే బండి ఎంతసేపటికీ మన హేండిలు మీది ఒకే చోట కనిపిస్తూ పెద్దదవుతూ ఉంటే, చౌరస్తాలో దానితో కలుసుకొంటామని అనుభవం ఉన్నవారికి తెలుసు. కాని తప్పించుకోవడానికి ఎటు తిరగాలి, ఎవరు తిరగాలి అనేది ఎదుటి ఓడ నిజంగా ఎటు పోతున్నదో తెలిస్తే గాని తేలదు. దానికి తీసివేత తప్పనిసరి.

సముద్రం మీది దారి నియమాలు 1972లో అంతర్జాతీయంగా కుదిరి, 1977 జూలై 15 నుంచి అమలులో ఉన్నవి. ఎదురెదురుగా వచ్చే రెండు యంత్రపు ఓడలూ తమ తమ కుడికి తిరగాలి. ఒకదాని దారిని ఒకటి అడ్డంగా దాటుతూ ఉంటే, ఎవరికి ఎదుటి ఓడ కుడివైపున ఉన్నదో వారు తప్పుకోవాలి. వీలైనంతవరకు ఎదుటి ఓడ ముందునుంచి దాటకూడదు. మా ముగ్గులో ఆ ఓడ మన కుడివైపున ఉన్నది కాబట్టి తప్పుకోవలసినవారం మనమే. ఇవి ఒకరినొకరు కంటితో చూడగలిగినప్పటి నియమాలు. పొగమంచులో సంగతి వేరు. అప్పుడు దారి హక్కు ఎవరికీ లేదు, ఇద్దరూ తప్పుకోవలసిందే. అందులోనూ ముందువైపున ఉన్న ఓడను తప్పించుకొనేందుకు సాధ్యమైనంతవరకు ఎడమకు తిరగకూడదు.

ఎంత తిరగాలి? దూరం 6 మైళ్ళున్నప్పుడు మన ఓడను కుడికి 10 డిగ్రీలు త్రిప్పామనుకొందాము. మళ్ళీ అదే లెక్క వేస్తే, ఆ ఓడ మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు నడుమ దూరం 0.4 మైలు, అనగా 700 మీటర్లు. అదే 60 డిగ్రీలు త్రిప్పితే దాదాపు రెండున్నర మైళ్ళు. మనం వారి వెనుకగా హాయిగా పోతాము. రాడారు చూపే దూరంలోను, దిక్కులోను కొద్దిపాటి పొరపాటు ఎప్పుడూ ఉంటుంది. 700 మీటర్లు ఆ పొరపాటులోనే కరిగిపోవచ్చు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మనం 10 డిగ్రీలు తిరిగితే ఎదుటివారి తెర మీద మన చుక్క నడకలో వచ్చే తేడా వారి కంటికి ఆనదు. మనం తిరిగామని వారికి తెలియదు. వారు మరొక విధంగా తిరుగుతారు. మళ్ళీ గౌలిపుర సందే. అందుకనే తప్పుకోవడం ఎదుటివారికి స్పష్టంగా కనబడేటంత పెద్దదిగా ఉండాలని నియమంలోనే వ్రాశారు.

ఇప్పుడు 1956 నాటి కథ. ఇటలీ దేశపు ప్రయాణికుల ఓడ ఆండ్రియా డోరియా న్యూయార్కు వైపు పడమరగా వస్తున్నది. స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ న్యూయార్కు నుంచి తూర్పుగా పోతున్నది. ఇటలీ ఓడ దట్టమైన పొగమంచులో ఉన్నది. అయినా వేగం సుమారు 22 నాట్లు. స్వీడన్ ఓడది 18. రెండూ కలిపి 40 నాట్లు, అంటే నిమిషమున్నరకు ఒక మైలు చొప్పున దగ్గరవుతున్నవి. రెండు ఓడలలోను రాడారు ఉన్నది, రెండూ పనిచేస్తూనే ఉన్నవి. ఇటలీ ఓడవారు ఎదుటి చుక్కను సుమారు 17 మైళ్ళ దూరాన్నే చూచారు. చూచారు గాని, కాగితం మీద గుర్తులు వేసి లెక్క కట్టలేదు. ఆ చుక్క తమ కుడిప్రక్కగా పోతుందనుకొని, నడుమ మరికొంచెం సందు ఉంటే మంచిదని 4 డిగ్రీలు ఎడమకు తిరిగారు. స్వీడన్ ఓడలోని యువ అధికారి గుర్తులు వేశాడు. ఎదుటి ఓడ తమ ఎడమప్రక్కగా పోతుందని లెక్క తేల్చుకొని, సందు పెంచడానికి కుడికి తిరిగాడు. ఒకరు ఎడమకు, ఒకరు కుడికి. పొగమంచులోనుంచి దీపాలు కంటికి కనబడేసరికి కాలం మించిపోయింది. రాత్రి 11 గంటల 10 నిమిషాల ప్రాంతాన స్టాక్‌హోమ్ ముక్కు ఆండ్రియా డోరియా ప్రక్కలో దిగబడింది. మరునాటి ఉదయం ఇటలీ ఓడ మునిగిపోయింది. రెండు ఓడలలోను కలిపి 51 మంది చనిపోయారు. దగ్గరలో ఉన్న ఓడలు పరుగున వచ్చి 1600 మందికి పైగా ప్రయాణికులను, సిబ్బందిని రక్షించగలిగాయి గనుక నష్టం అంతటితో ఆగింది.

ఓడల యజమానులు కోర్టు బయట రాజీ పడినందువల్ల తప్పెవరిదో తీర్పు వెలువడలేదు. తరువాతి కాలంలో ఈ దుర్ఘటనను సిమ్యులేటరు మీద మళ్ళీ నడిపించి చూచినవారున్నారు. స్వీడన్ ఓడలోని రాడారు 5 మైళ్ళ స్కేలు మీద ఉండగా, దానిని 15 మైళ్ళ స్కేలు అనుకొని దూరాలు చదివి ఉండవచ్చునని ఒక వాదం. అదే నిజమైతే, ఆరు మైళ్ళనుకొన్న ఓడ నిజానికి రెండు మైళ్ళ దూరంలోనే ఉన్నది. అందరూ ఆ వాదాన్ని ఒప్పుకోరు. ఏది ఏమైనా ఆ కాలంలో నావికులలో ఒక చేదు మాట పుట్టింది: రాడారు సాయంతో ఢీకొనడం అని! యంత్రం లేనినాడు పొగమంచులో భయపడి మెల్లగా పోయేవారు, యంత్రం వచ్చాక చూస్తున్నాము గదా అని వేగంగా పోసాగారు. నా మట్టుకు నాకు ఈ మాటలో కొంత అన్యాయం ఉన్నదని తోస్తుంది. యంత్రం అబద్ధమేమీ చెప్పలేదు. దానిని అడగవలసిన ప్రశ్న అడగలేదు. 1960లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం రాడారు వాడకం గురించి సూచనలను నియమాలకు అనుబంధంగా చేర్చింది. 1972 నియమాలలో అవి అసలు నియమాలలోనే కలిశాయి. చాలీచాలని రాడారు సమాచారంతో ఊహలు చేయరాదని వాటిలో సూటిగానే ఉన్నది.

ఈ లెక్క చదివితే అర్థమవుతుంది. కాని చీకటిలో, వానలో, నాలుగు చుక్కలు ఒకేసారి కదులుతూ ఉండగా, టెలిఫోను మ్రోగుతూ ఉండగా చేయడం వేరు. సముద్రం మీద తప్పు చేసి నేర్చుకొనే అవకాశం లేదు. సిమ్యులేటరు ఇందుకోసమే. మొదటి రోజులలో వాటిలో విద్యుత్ పరికరాలతో దొంగ ప్రతిధ్వనులు పుట్టించి నిజమైన రాడారు తెర మీద చూపేవారు. నేడు అంతా కంప్యూటరు పని. ఓడ అధికారి నిలబడే గదిని, అనగా బ్రిడ్జిని, అచ్చంగా కడతారు. చుక్కాని, యంత్రాల మీట, రాడారు తెర, పటం, అన్నీ ఉంటాయి. కిటికీల స్థానంలో పెద్ద తెరల మీద సముద్రం. ప్రక్క గదిలో గురువు కూర్చొని, ఇష్టం వచ్చిన ఓడను ఇష్టం వచ్చిన చోట పుట్టిస్తాడు, పొగమంచు దించుతాడు, నడుమలో చుక్కాని చెడగొడతాడు. రాడారు, దాని లెక్కలలో ఈ విధమైన సిమ్యులేటరు శిక్షణ తప్పనిసరి అని నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 1995లో సవరించినప్పుడు విధించారు. మన దేశంలో నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన సంస్థలు ఈ శిక్షణ ఇస్తున్నాయి.

సిమ్యులేటరులో గొప్ప విషయం బొమ్మలు కాదు, బొమ్మ ఓడ నిజమైన ఓడ వలె మొండికేయడం. నేను ముగ్గు మీద మన ఓడను 60 డిగ్రీలు ఒక్క క్షణంలో త్రిప్పివేశాను. నిజానికి ఏ ఓడా అట్లా తిరగదు. 1957లో జపాను శాస్త్రజ్ఞుడు నొమోటో, ఆయన సహచరులు దీనికొక సులభమైన సమీకరణం ఇచ్చారు. అందులో ఓడ స్వభావాన్ని రెండే సంఖ్యలు చెబుతాయి. చుక్కాని ఇంత త్రిప్పితే ఓడ చివరకు ఎంత జోరుగా తిరుగుతుంది అనేది ఒకటి. ఆ జోరు అందుకోవడానికి ఎంతసేపు బద్ధకిస్తుంది అనేది రెండవది. ఒక ఓడను ఊహించుకొందాము. చుక్కాని 10 డిగ్రీలు త్రిప్పితే అది చివరకు సెకనుకు అర డిగ్రీ చొప్పున తిరుగుతుంది, బద్ధకం 20 సెకండ్లు. బద్ధకమే లేకుంటే మొదటి 20 సెకండ్లలో 10 డిగ్రీలు తిరగాలి. సమీకరణం ప్రకారం తిరిగేది 4 డిగ్రీల లోపే. 60 డిగ్రీలు తిరగడానికి 140 సెకండ్లు పడుతుంది. ఈలోగా 12 నాట్ల ఓడ దాదాపు అర మైలు నడిచిపోతుంది, ఎదుటి ఓడ ఇంకా ఎక్కువ. 6 మైళ్ళ దూరంలో తిరగాలని నిశ్చయించుకొన్నవానికి ఇది లెక్కలోనిది కాదు. ఒక మైలు దగ్గర నిశ్చయించుకొన్నవానికి ఆ 140 సెకండ్లు ముగిసేసరికి మైలు మిగలదు. మా కుర్రవాడు మునిగిన నాలుగు సార్లలో ఒకటి ఇదేనట. లెక్క సరిగానే వేశాడు, మూడు నిమిషాలు ఆలస్యంగా.

ఆ సంఖ్యలు ఎక్కడినుంచి వస్తాయి? ఓడ నమూనాను చిన్నదిగా తయారుచేసి నీటి తొట్టిలో నడిపించి కొలుస్తారు. అటువంటి తొట్లు మన తెలుగుదేశంలోనే ఉన్నవని చాలామందికి తెలియదు. 1969లో విశాఖపట్నంలో ఏర్పడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో నమూనాలను లాగి చూచే 500 మీటర్ల పొడవైన తొట్టి, అలల మీద ఓడ నడకను, మలుపులను పరీక్షించే వెడల్పాటి తొట్టి ఉన్నవి. అది రక్షణ శాఖ సంస్థ. అక్కడి పని ముఖ్యంగా నౌకాదళం కోసం. ఏ ఓడ ఎట్లా మలుపు తిరుగుతుందో ఈ తొట్లలో తేలుతుంది, సిమ్యులేటరు దానిని కంప్యూటరులో మళ్ళీ ఆడిస్తుంది.

ఇంతకూ ఈ తీసివేతలన్నీ చేతితో ఎందుకు? ఆర్పా అనే సాధనం చుక్కలను తానే వెంబడించి, తానే లెక్క కట్టి, ఎదుటి ఓడ నిజంగా ఎటు పోతున్నదో గీత గీసి చూపుతుంది. 1980ల నుంచి పెద్ద ఓడల మీద ఇది తప్పనిసరి అయింది. పైగా నేడు పెద్ద ఓడలు తమ పేరు, దిశ, వేగం తామే రేడియో ద్వారా చాటుకొంటాయి. నేనూ ఈ ప్రశ్నే వేశాను. అతను చెప్పినది ఇది. ఆర్పాకు మన ఓడ వేగం తప్పుగా అందితే, ఎదుటి ఓడ దిశ కూడా తప్పుగానే తేలుతుంది. గీత మాత్రం అందంగానే ఉంటుంది. రెండు చుక్కలు దగ్గర దగ్గరగా పోయినప్పుడు యంత్రం ఒకదానిని విడిచి రెండవదానిని పట్టుకోవచ్చు. చేతితో లెక్క తెలిసినవాడు ఆ గీతను చూడగానే ఇదేదో తేడాగా ఉన్నదని గుర్తు పడతాడు. తెలియనివాడు నమ్ముతాడు.

నమ్మకం తప్పితే నష్టపోయేది ఓడవారే కాదు. 2017 జనవరి 28వ తేదీ తెల్లవారుజామున, మన నెల్లూరు తీరానికి దక్షిణంగా ఉన్న ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నవి. రేవులోనుంచి బయటికి పోతున్నది ఒకటి, లోపలికి వస్తున్నది ఒకటి. అంత పెద్ద ఓడలకు రాడారు ఉండితీరాలని ఎప్పటినుంచో నియమం. అయినా ఢీ జరిగింది. ఒక ఓడనుంచి నూనె కారి చెన్నై తీరమంతా నల్లబడింది. ఆ జిగటను జనం బకెట్లతో ఎత్తిపోయవలసి వచ్చింది. చేపలు కొనేవారు లేక జాలరులు రోజుల తరబడి నష్టపోయారు.

జాలరుల మాట వచ్చింది గనుక అసలు కష్టమైన చుక్కను గురించి చెప్పాలి. విశాఖ రేవును 1933లో తెరిచారు. ఆ రేవునుంచి బయటికి వచ్చే ఓడ రాడారు తెర మీద డాల్ఫిన్ నోస్ కొండ గట్టి వెలుగుగా కనబడుతుంది. లంగరు వేసిన ఇనుప ఓడలు స్పష్టమైన చుక్కలు. కాని చేపలవేటకు పోయిన చెక్క పడవ? చెక్క, ఫైబరు రేడియో తరంగాలను సరిగా వెనుకకు కొట్టవు. ఇనుము కొట్టినంత గట్టిగా అసలే కొట్టవు. పైగా సముద్రపు అలలు కూడా ప్రతిధ్వనులిస్తాయి. తెర నడుమ చుట్టూ బియ్యపు నూక చల్లినట్లు చిన్న చిన్న చుక్కలు మినుకుమినుకుమంటూ ఉంటాయి. ఆ నూకలో పడవ చుక్క ఒకటి. అలల చుక్కలు చుట్టు చుట్టుకూ చోటు మారుస్తాయి, పడవ చుక్క మారదు. ఓపికగా చూస్తేనే తేడా తెలుస్తుంది. అలల గోల తగ్గించే మీట ఒకటి ఉన్నది. దానిని కొంచెం ఎక్కువగా త్రిప్పితే తెర శుభ్రంగా, అందంగా తయారవుతుంది. పడవ కూడా దానితోపాటే పోతుంది. ఋతుపవనాల వానలో 3 సెంటీమీటర్ల రాడారు తెర మీద వాన తెరలు తెల్లగా పరచుకొంటాయి. వాటి వెనుక ఏమున్నదో కనబడదు. 10 సెంటీమీటర్ల రాడారు వానను బాగా దాటుతుంది గాని చిన్న పడవను 3 సెంటీమీటర్లది చూచినంత బాగా చూడలేదు.

దీనికి పడవవారి వైపునుంచి చేయగల ఉపాయం చాలా చౌకైనది. మూడు లోహపు పలకలను గది మూలలో రెండు గోడలు, నేల కలిసినట్లు ఒకదానికొకటి లంబంగా అమర్చాలి. అటువంటి మూలలోకి ఎటునుంచి తరంగం వచ్చినా, మూడు పలకలకూ తగిలి, వచ్చిన దారినే తిరిగిపోతుంది. ఇటువంటి మూలలను కొన్నింటిని కలిపి స్తంభం చివర కడితే చిన్న పడవ కూడా తెర మీద పెద్ద చుక్కగా వెలుగుతుంది. పలకలు సరిగా లంబంగా లేకపోతే మాత్రం ఫలితం చాలావరకు పోతుంది. ఒంగిన రేకును కట్టి లాభం లేదు.

చివరి రోజు మా అబ్బాయి మరొక గులకరాయి పెట్టాడు. మనం మునుపటి వలెనే ఉత్తరంగా 12 నాట్లతో పోతున్నాము. సరిగా ముందు, 6 మైళ్ళ దూరాన ఒక బలహీనమైన చుక్క. 6 నిమిషాల తరువాత 4.8 మైళ్ళ దూరాన ఉన్నది. ఈసారి నేను తొందరపడలేదు. తెర మీద అది మన వైపు 12 నాట్లతో వస్తున్నట్లున్నది. మన నడక తీసివేస్తే మిగిలినది సున్న. అది ఎటూ రావడం లేదు. నిలబడి ఉన్నది.

"వలవేసిన పడవ కావచ్చు" అన్నాడు. "అది జరగలేదు. వేటలో ఉన్న పడవకు దారి ఇవ్వవలసినది యంత్రపు ఓడే. ఇంకా 24 నిమిషాలున్నవి, చిన్నాయనా. ఎంత త్రిప్పుతావు?"

60 డిగ్రీలు కుడికి అన్నాను. గులకరాయిని జరిపి లెక్క కట్టాము.